చుట్టరికాల చార్టుతో రెండు సమాజాలను పోల్చడం ఎలా? అరుగు మీద నుంచే మొదలుపెట్టండి

"మానవశాస్త్రం నేర్చుకోవాలనుంది, ఏ పుస్తకంతో మొదలుపెట్టమంటారు?" ఈ ప్రశ్న నాకు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. సివిల్స్‌లో ఆంత్రొపాలజీ ఆప్షనల్ తీసుకున్న పిల్లలు అడుగుతారు, డిగ్రీలో ప్రాజెక్టు రాయాల్సినవాళ్లు అడుగుతారు, ఏ పరీక్షా లేకుండా ఆసక్తితో అడిగే రిటైరైన టీచర్లూ ఉన్నారు. అందరికీ ఒకటే చెబుతున్నాను. పుస్తకం తర్వాత చూద్దాం. ముందు మీ ఇంట్లో పెద్దామెను అరుగు మీద కూర్చోబెట్టి చుట్టరికాల చార్టు గీయండి. తర్వాత మీకంటే వేరే పద్ధతులున్న ఇంకో ఇంట్లో అదే పని చేయండి. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడండి. అప్పుడు పుస్తకం తెరిస్తే అందులో ప్రతి పేజీ మీకు అర్థమవుతుంది, లేకపోతే ఆ పదాలన్నీ బట్టీ పట్టడమే అవుతుంది.

మూడు వారాలు పడుతుంది. తొందరపడితే పనికిరాని చార్టు వస్తుంది.

ఏమేం కావాలి

- 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి, పెన్సిల్, రబ్బరు. పెన్నుతో గీయొద్దు, కనీసం పదిసార్లు చెరిపేయాల్సి వస్తుంది.
- పెద్ద కాగితం. పాత క్యాలెండర్ షీటు వెనక వైపు సరిగ్గా సరిపోతుంది.
- గుప్పెడు శెనిక్కాయలు, గుప్పెడు చింతపిక్కలు, కొన్ని చీపురు పుల్లలు. ఎందుకో మూడో దశలో చెబుతాను.
- ఫోన్, రికార్డింగ్ కోసం. అడిగి, ఒప్పుకుంటేనే.
- ఓపికగా కూర్చునే పెద్దవాళ్లు ఇద్దరు. ఒక్కరు చాలరు.

సిద్ధాంతం ఒక్క ముక్కే చెప్పి వదిలేస్తాను. మనుషులు పుట్టుకతో తెచ్చుకోకుండా, తోటి మనుషుల దగ్గర నేర్చుకున్నదంతా సంస్కృతి. ఎవరిని ఏమని పిలవాలి, ఎవరి ముందు కూర్చోకూడదు, ఎవరిని పెళ్లి చేసుకోవచ్చు, ఎవరింటి పెళ్లికి ఎంత చదివించాలి, ఇవన్నీ నేర్చుకున్నవే. మనకు మరీ అలవాటైపోయి అవి నేర్చుకున్నవని మనకే తెలియదు. ఇంకో సమాజం పక్కన పెట్టినప్పుడే మనది కనిపిస్తుంది.

1. ఒక్క ప్రశ్న ఎంచుకోండి

"మా ఊరి సంస్కృతి" అని మొదలుపెట్టినవాళ్లు మధ్యలో ఆపేస్తారు. నోట్‌బుక్ నిండా జాతర, పెళ్లి, వంటలు, పాటలు కలగాపులగంగా ఉంటాయి, దేన్ని దేనితో పోల్చాలో తెలియదు. ఒక్క ప్రశ్న చాలు. ఉదాహరణకు: "ఈ ఇంట్లో నాయన తమ్ముడి పిల్లలు, మేనమామ పిల్లలు ఒకటేనా, వేరా?" చిన్న ప్రశ్నలా ఉంటుంది గానీ పిలుపులు, పెళ్లిళ్లు, పెట్టుపోతలు అన్నీ దాని వెనకాలే వస్తాయి. ఈ వ్యాసం అంతా ఆ ప్రశ్న మీదే నడుస్తుంది. మీకు వంటల మీద ఆసక్తి ఉంటే "చావు జరిగిన ఇంటికి వంట ఎవరు పంపిస్తారు" అని పెట్టుకోండి, దశలు అవే.

2. అనుమతి అడగండి, పేర్లు మార్చండి

సొంత ఇల్లయినా అడగాలి. "ఇది రాసుకుంటాను, కాలేజీలో చూపిస్తాను, పేర్లు మారుస్తాను" అని మూడు మాటలూ ముందే చెప్పండి. చార్టులో రెండో పెళ్లిళ్లు, లేచిపోయిన పిల్లలు, ఇల్లరికాలు, మాట్లాడుకోని అన్నదమ్ములు అన్నీ బయటపడతాయి. అవి వాళ్ల సొంత విషయాలు. నోట్‌బుక్‌లో మొదటి రోజు నుంచే మారు పేర్లు లేదా నంబర్లు వాడండి, అసలు పేర్ల జాబితా వేరే కాగితం మీద ఇంట్లో పెట్టుకోండి. మానవశాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ 1948లో మైసూరు దగ్గర ఒక పల్లెలో ఉండి పరిశోధన చేసి, ఆ ఊరిని రాంపుర అనే మారు పేరుతోనే లోకానికి పరిచయం చేశారు. అంత పెద్ద పండితుడు పాటించిన జాగ్రత్త మనమూ పాటించాలి.

వెళ్లే సమయం కూడా చూసుకోండి. శెనిక్కాయ పీకే రోజుల్లో వెళ్తే ఎవరూ మాట్లాడరు, మాట్లాడమనడం కూడా న్యాయం కాదు. మా అనంతపురం వైపు మంచి సమయం విత్తనం కాయలు ఒలిచే రోజులు. వానలకు ముందు ఆడవాళ్లంతా అరుగు మీద కూర్చుని ఒలుస్తుంటారు, చేతికి పని ఉంటుంది, నోటికి తీరిక ఉంటుంది. మీరూ కూర్చుని ఒలవండి. ఒట్టి చేతులతో నోట్‌బుక్ పట్టుకుని ఎదురుగా కూర్చున్నవాళ్లకు వచ్చే జవాబులు వేరు, పక్కన కూర్చుని కాయలు ఒలిచేవాళ్లకు వచ్చే జవాబులు వేరు.

3. గింజలతో చార్టు పరచండి

కాగితం మీద నేరుగా గీస్తే పెద్దవాళ్లకు మనం ఏం చేస్తున్నామో కనిపించదు, తప్పు గీస్తే దిద్దనూ లేరు. అందుకే నేల మీద గింజలు. మగవాళ్లకు శెనిక్కాయ, ఆడవాళ్లకు చింతపిక్క. భార్యాభర్తలను ఆనించి పెట్టండి, పిల్లలను కింద వరుసలో పెట్టండి, మధ్యలో చీపురు పుల్ల. చనిపోయినవాళ్లయితే కాయ ఒలిచి ఒట్టి పొట్టు పెట్టండి, చింతపిక్కయితే బొగ్గుతో గీటు పెట్టండి.

నేను మొదటిసారి ఇలా చేసినప్పుడు మా జేజి (నాయన తల్లి) ఒక్క నిమిషం చూసి, నా చేతిలో కాయలు లాక్కుని, "అట్ల కాదు పాపా, ఈయప్ప పెద్దోడు, ఈడుండల్ల" అని నేను పెట్టిన వరుసంతా మార్చేసింది. బడికి ఎప్పుడూ పోని మనిషి. నాలుగు తరాలను, నలభైకి పైగా మనుషులను, మధ్యాహ్నం కూడు వేళకు పరిచేసింది. మధ్యలో ఒక చిన్న పిక్క తీసి విడిగా పెట్టి కొంచెంసేపు మాట్లాడలేదు. మూడేళ్లప్పుడు పోయిన కూతురట. ఇంట్లో ఎవరికీ ఆ పాప సంగతి తెలియదు. అలాంటి చోట తర్వాతి ప్రశ్న అడగకండి, కాయలు ఒలుస్తూ ఉండండి, ఆమే మళ్లీ మొదలుపెడుతుంది.

అడిగే పద్ధతి జాగ్రత్తగా చదవండి, పని చెడేది ఇక్కడే. "మీకు అన్నదమ్ములు ఎంతమంది?" అని అడగొద్దు. మన భాషలో పెద్దనాయన కొడుకూ అన్నే, చిన్నమ్మ కొడుకూ అన్నే. మీకు ఏడుగురు అన్నలు వస్తారు, అందులో ఒక్క తల్లి కడుపున పుట్టినవాళ్లు ఎవరో తేలదు. రెండే మాటలు వాడండి: కన్న, కట్టుకున్న. "నిన్ను కన్న తల్లి ఎవరు? ఆమె కన్న పిల్లలు ఇంకా ఎవరెవరు? ఈయప్ప ఎవరిని కట్టుకున్నాడు? వాళ్లు ఎవరిని కన్నారు?" ఇంతే. ఈ ఉపాయం డబ్ల్యు.హెచ్.ఆర్. రివర్స్ అనే బ్రిటిష్ మానవశాస్త్రవేత్తది. ఆయన 1898లో ఆస్ట్రేలియాకు ఉత్తరాన టోరెస్ జలసంధి దీవులకు వెళ్లినప్పుడు ఈ వంశావళి పద్ధతిని తయారుచేసుకున్నాడు, తర్వాత మన నీలగిరుల్లో తోడలు అనే ఆదివాసుల దగ్గరా ఇదే వాడాడు. తండ్రి, తల్లి, బిడ్డ, భర్త, భార్య అనే అయిదు మాటలకు మించి అడగకుండా మొత్తం ఊరి చుట్టరికాలు రాబట్టాడు.

గింజల చార్టు పూర్తయ్యాక ఫోటో తీసి, అప్పుడు కాగితం మీదికి ఎక్కించండి. కాగితం మీద మగవాళ్లకు త్రిభుజం, ఆడవాళ్లకు సున్న, పెళ్లికి రెండు అడ్డగీతలు, చనిపోయినవాళ్లకు గుర్తు మీద ఏటవాలు గీత. ఈ గుర్తులు ఏ దేశంలో చూపించినా అర్థమవుతాయి.

4. ఇప్పుడు పిలుపులు రాయండి

చార్టు మధ్యలో ఒకరిని ఎంచుకుని, "నువ్వు ఈమెను ఏమని పిలుస్తావు?" అని ఒక్కో గింజ చూపిస్తూ అడగండి. నోటి నుంచి వచ్చిన మాటే రాయండి. మీ ఇంట్లో చిన్నాయన అంటే చిన్నాయన అనే రాయండి, పుస్తకంలో బాబాయి అని ఉందని మార్చకండి. మా వైపు చాలా ఇళ్లలో నాయన తల్లి జేజి, అమ్మ తల్లి అవ్వ. ఈ తేడా నోట్‌బుక్‌లో పోతే మళ్లీ దొరకదు.

అంకుల్, ఆంటీ, కజిన్ అనే మాటలు నోట్‌బుక్‌లోకి రానివ్వకండి. ఇంగ్లిష్‌లో నాయన తమ్ముడూ, మేనమామా ఇద్దరూ అంకులే. మనకు ఒకాయన నాయన లాంటివాడు, ఇంకొకాయన పిల్లనిచ్చేవాడు. కజిన్ అని రాశారంటే మీరు పెట్టుకున్న ప్రశ్నే చచ్చిపోతుంది.

పిలిచే మాట, చెప్పే మాట వేరుగా ఉంటాయి, రెండు గడులు పెట్టుకోండి. ఎదురుగా "నాయనా" అని పిలిచి, వేరేవాళ్లతో "మా చిన్నాయన" అని చెప్పడం మామూలే.

5. పేరు చెప్పకపోతే బలవంతం చేయొద్దు

ధర్మవరం దగ్గర ఒక ఊళ్లో ఒక పెద్దామెను "మీ ఆయన పేరు ఏంటమ్మా" అని అడిగాను. తల వంచుకుంది. వినిపించలేదేమో అనుకుని గట్టిగా అడిగాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మూడోసారి అడిగేసరికి లేచి లోపలికి పోయింది, ఆ రోజు ఇంక బయటికి రాలేదు. భర్త పేరు నోటితో పలకకూడదన్న కట్టుబాటు నాకు తెలిసిందే, మా ఇంట్లోనూ ఉన్నదే, అయినా నోట్‌బుక్ చేతిలో ఉండేసరికి మరిచిపోయాను. ఆమెను నలుగురిలో ఇబ్బంది పెట్టానన్న బాధ ఇప్పటికీ ఉంది.

చేయాల్సింది ఇది: పేరు పక్కనున్న మనవణ్ని అడగండి, లేదా ఆ పేరున్న దేవుడిని చెప్పమనండి, నవ్వుతూ కొండ వైపో గుడి వైపో చూపిస్తారు. రివర్స్ వెళ్లిన రోజుల్లో తోడలు చనిపోయిన పెద్దల పేర్లు పలికేవాళ్లు కాదు. అందుకని ఆయన ఒక ఇంటి వాళ్ల చనిపోయినవాళ్ల పేర్లను వేరే ఇంటి వాళ్ల దగ్గర కనుక్కోవాల్సి వచ్చింది. నోట్‌బుక్‌లో "పేరు చెప్పలేదు" అని వదిలేయకుండా "భర్త పేరు పలకదు, మనవడు చెప్పాడు" అని రాయండి. ఆ మౌనం కూడా మీకు దొరికిన సమాచారమే, పేరు కంటే విలువైనది కూడా కావచ్చు.

6. మేనరికం ఉన్న ఇళ్లలో గీతలు అడ్డం తిరుగుతాయి

ఎక్కువ మంది ఆగిపోయేది ఇక్కడే. అక్క కూతురిని చేసుకున్న మేనమామను ఎక్కడ పెట్టాలి? భార్య కింద తరంలో ఉంటుంది, భర్త పై తరంలో ఉంటాడు. చాలామంది ఆమెను రెండుసార్లు గీస్తారు, కూతురిగా ఒక సున్న, భార్యగా ఇంకో సున్న. అలా చేస్తే లెక్కంతా తప్పుతుంది. ఒక మనిషికి ఒకటే గుర్తు, పెళ్లి గీతను ఏటవాలుగా లాగండి.

గీశాక చూస్తే ఆ అమ్మాయికి అమ్మమ్మే అత్త, అమ్మే ఆడబిడ్డ. ఆమెకు పుట్టిన పిల్లలకు తల్లిని కన్నామే నాయనకు అక్క, అంటే ఒకే మనిషి అవ్వా అవుతుంది, అత్తా అవుతుంది. ఇలాంటి చోట ఆ పిల్లలు నిజంగా ఏమని పిలుస్తారో అడిగి రాయండి, ఇంటికో తీరు ఉంటుంది. ఏ చుట్టరికం గెలిచిందో, ఎందుకు గెలిచిందో అడిగితే అరగంట కథ వస్తుంది, ఆ అరగంటలో మీరు నేర్చుకునేది ఏ క్లాసులోనూ రాదు.

మన పిలుపుల్లోనే పెళ్లి దాగుందని అప్పుడు అర్థమవుతుంది. నాయన చెల్లెలూ అత్తే, మేనమామ భార్యా అత్తే, కట్టుకున్నవాళ్ల తల్లీ అత్తే. మేనరికం జరిగిన ఇంట్లో ఈ ముగ్గురూ ఒక్కరే కావచ్చు, జరగని ఇంట్లోనూ భాష వాళ్లను ఒక్కరిగానే చూస్తుంది.

7. చెప్పినదాన్ని జరిగినదానితో సరిచూడండి

"మాలో ఎప్పుడూ మేనరికమే" అంటారు పెద్దవాళ్లు. నిజంగానే అలా అనుకుంటారు. చార్టు తీసి పెళ్లిళ్లు లెక్కపెట్టండి. ఇరవై పెళ్లిళ్లు ఉంటే అందులో మేనరికాలు ఎన్ని, ఏ తరంలో ఎక్కువ, ఏ తరంలో తగ్గాయి? మాటా లెక్కా కలవకపోతే "అబద్ధం చెప్పారు" అని రాయకండి. చెప్పింది వాళ్ల ఆదర్శం, చేసింది వాళ్ల అవసరం, రెండూ నిజాలే, రెండు గడుల్లో రాయండి.

లెక్కకు ఇంకో మంచి ఆధారం చదివింపుల పుస్తకం. బీరువాలో పెళ్లి పట్టుచీరల కింద ఉంటుంది, అడగండి. మా ఇంట్లోది 1986 నాటిది, మొదటి పేజీలో పసుపు బొట్టు, కింద వంకర గీతల మధ్య పేర్లు: ఒకరు 11 రూపాయలు, ఒకరు 51, ఒకరు ఇత్తడి చెంబు, ఒకరు రవిక గుడ్డ. పక్కన వేరే సిరాతో, వేరే చేతిరాతతో చిన్న టిక్కులు. ఆ టిక్కులు ఏంటని అడిగితే, వాళ్లింటి పెళ్లికి పోయి తిరిగి చదివించి వచ్చాక పెట్టినవట. టిక్కు పడని పేర్లు మూడు ఉన్నాయి. వాళ్లు ఊరొదిలి పోయారు. ముప్పై ఏళ్లు దాటినా అమ్మకు ఆ మూడు పేర్లూ నోటికి వచ్చు.

ఈ టిక్కులను ఎవరితో పోల్చవచ్చో తెలుసా? బ్రానిస్లావ్ మలినోవ్‌స్కీ అనే మానవశాస్త్రవేత్త 1915 నుంచి 1918 మధ్య న్యూగినీ దగ్గర ట్రోబ్రియాండ్ దీవుల్లో ఉండి కుల అనే ఇచ్చిపుచ్చుకోవడం గురించి రాశాడు. (మన కులానికీ దానికీ సంబంధం లేదు, ఆ దీవుల మాట అది.) ఎర్ర గవ్వల హారాలు దీవి నుంచి దీవికి ఒక దిక్కుగా, తెల్ల గవ్వ కడియాలు దానికి ఎదురు దిక్కుగా పడవల మీద తిరుగుతుంటాయి. తీసుకున్నవాడు వెంటనే తిరిగివ్వడు, కొంతకాలం ఆగి ఇస్తాడు, కానీ ఇవ్వకుండా ఉండలేడు. చదివింపుల్లోనూ అంతే, అదే రోజు తిరిగిస్తే అవమానం, ఎప్పటికీ ఇవ్వకపోతే అంతకంటే అవమానం. తేడా కూడా రాయాలి: మన 116 రూపాయలు పెళ్లి ఖర్చులో కలిసిపోతాయి, ఆ హారం ఎవరి దగ్గరా శాశ్వతంగా ఉండదు, ముందుకు పోతూనే ఉండాలి.

8. రెండో ఇల్లు

ఇప్పుడు మీకంటే వేరే పద్ధతులున్న ఇంటికి వెళ్లండి. దూరం పోనక్కర్లేదు. కడపలో ఉంటే పక్క వీధి చాలు. ఉర్దూ మాట్లాడే ముస్లిం కుటుంబంలో నాయన తమ్ముడు చాచా, మేనమామ మామూ, అమ్మ చెల్లెలు ఖాలా, నాయన అక్కచెల్లెళ్లు ఫుప్పూ. నలుగురికీ నాలుగు మాటలు. చాచా కూతురిని పెళ్లి చేసుకోవచ్చు, ఖాలా కూతురినీ చేసుకోవచ్చు. మన చార్టులో వాళ్లిద్దరూ చెల్లెళ్లు, ఆ ఊహే మనకు ఇబ్బందిగా ఉంటుంది. ఉత్తరాదిలో చాలామంది హిందువులకు మేనమామ కూతురు చెల్లెలే, వాళ్లకు మన మేనరికం అంతే ఇబ్బందిగా ఉంటుంది. మీకు కలిగిన ఆ ఇబ్బందిని కూడా తేదీ వేసి నోట్‌బుక్‌లో రాసుకోండి. మీరు నేర్చుకున్నదేంటో ఆ ఇబ్బందే చెబుతుంది.

ఒక హెచ్చరిక. మొదటి ఇంట్లో వాడిన రెండు మాటలు, కన్న, కట్టుకున్న, ఇక్కడ సరిపోవు. ఇస్లాంలో ఒకే తల్లి దగ్గర పాలు తాగిన పిల్లలు, రక్త సంబంధం లేకపోయినా, తోబుట్టువుల లెక్కే, వాళ్ల మధ్య పెళ్లి కుదరదు. "ఎవరి పాలు తాగావు" అని మనం అడగం, ఎందుకంటే మన ఇంట్లో ఆ ప్రశ్నకు చోటు లేదు. అందుకే రెండో ఇంట్లో ముందుగా ఒక ప్రశ్న అడగండి: "మీలో ఎవరెవరి మధ్య పెళ్లి కుదరదు?" వాళ్లు చెప్పిన జాబితా నుంచి మీ ప్రశ్నలు తయారుచేసుకోండి. మీ ఇంటి కొలతతో వాళ్ల ఇంటిని కొలవడమే పోలికల్లో అన్నిటికంటే పెద్ద తప్పు.

భాషను బట్టి పద్ధతిని ఊహించొద్దు. చాలా దూదేకుల ముస్లింల ఇళ్లలో ఇంటి భాష తెలుగే. వాళ్లు ఏమని పిలుస్తారో, ఎవరిని చేసుకుంటారో అడిగి తెలుసుకోవాలి.

చుట్టరికం మనుషుల దగ్గరే ఆగదు. దేవుని కడప వేంకటేశ్వరుడి గుడికి ఉగాది రోజు ముస్లింలు వచ్చి మొక్కుతారు, బీబీ నాంచారిని చేసుకున్నాడు గనుక ఆయన తమ ఇంటి అల్లుడని. అహోబిలం నరసింహుడు చెంచులక్ష్మిని చేసుకున్నాడు గనుక నల్లమల చెంచులకు ఆయనా అల్లుడే. సంక్రాంతి తర్వాత పారువేటలో కొన్ని వారాల పాటు ఊరూరూ తిరిగి ఆయన తన పెళ్లికి అందరినీ పిలుస్తాడు. వేరు వేరు జనం, వేరు వేరు గుళ్లు, రెండు చోట్లా దేవుణ్ని దగ్గర చేసుకోవడానికి వాడిన చుట్టరికం ఒకటే. అన్న అనలేదు, తండ్రి అనలేదు, అల్లుడన్నారు. ఎందుకు అల్లుడు? ఎవరికైనా ప్రాజెక్టు కావాలంటే ఇది తీసుకోండి, నాకు చాలా ఇష్టమైన ప్రశ్న.

9. దూరపు సమాజంతో పోలిక, ఒక్క పేజీలో

మూడు నిలువు గడులు గీయండి: మా ఇల్లు, రెండో ఇల్లు, పుస్తకంలో చదివిన సమాజం. అడ్డ గడుల్లో ప్రశ్నలు. మేనమామ గురించి రాస్తే ఇలా ఉంటుంది. మనకు పుట్టు వెంట్రుకలు తీసేటప్పుడు, చెవులు కుట్టేటప్పుడు మేనమామ ఒళ్లో కూర్చోవాలి, ఆస్తి మాత్రం నాయన నుంచి వస్తుంది. ట్రోబ్రియాండ్ దీవుల్లో వంశం తల్లి వైపు నుంచి లెక్క, మగపిల్లవాడికి వారసత్వం మేనమామ నుంచే వస్తుంది. పైపైన చూస్తే రెండు చోట్లా "మేనమామ ముఖ్యం". ఆస్తి అనే గడి గీయకపోతే ఈ తేడా కనిపించదు. అందుకే ఒక్కో విషయాన్ని పిలుపు, పెళ్లి, పెట్టుపోత, ఆస్తి అని విడగొట్టి రాయండి.

ఎక్కువగా జరిగే తప్పులు

పోలిక కనిపించగానే మూలం ఒకటే అనేయడం. ఇందులో పడినవాడు చిన్నవాడు కాదు. లూయిస్ హెన్రీ మోర్గన్ అమెరికాలో లాయరు, చుట్టరికపు పిలుపులను ప్రపంచమంతటి నుంచి తెప్పించి 1871లో అచ్చువేశాడు. అందులో తమిళం, తెలుగు, కన్నడం కూడా ఉన్నాయి. అమెరికాలోని సెనెకా జనం కూడా మనలాగే నాయన సోదరుణ్ని నాయన వరుసలో, అమ్మ అక్కచెల్లెళ్లను అమ్మ వరుసలో పెట్టి, మేనమామను, మేనత్తను వేరుగా పిలుస్తారని చూసి ఆయన ఆశ్చర్యపోయాడు. అంతవరకు గొప్ప పని. దాన్ని బట్టి అమెరికా ఆదివాసులు ఆసియా నుంచి వచ్చారని ఇదే రుజువు అన్నాడు. వాళ్ల పూర్వీకులు ఆసియా నుంచి వెళ్లిన మాట నిజమే గానీ పిలుపులు దానికి రుజువు కావు. ఒకదానితో ఒకటి సంబంధం లేని చోట్ల కూడా ఇలాంటి పద్ధతి కనిపిస్తుంది. పైగా మన అత్త పెళ్లితో అత్తగారు కూడా అవుతుంది, సెనెకా పిలుపుల్లో ఆ ముడి లేదు.

మెట్లు కట్టడం ఇంకో తప్పు. అదే మోర్గన్ 1877లో మానవ సమాజాలన్నిటినీ ఆటవికం, అనాగరికం, నాగరికం అని వరుసగా పేర్చాడు. మన నోట్‌బుక్‌లో ఇది "వాళ్లింకా వెనకబడి ఉన్నారు" అనే వాక్యంగా వస్తుంది. చెంచుల గురించి రాసేవాళ్లు చాలామంది ఇలాగే రాస్తారు. "ఇంకా", "వెనక", "అమాయక" అనే మూడు మాటలు మీ రాతలో ఎక్కడున్నాయో వెతికి కొట్టేసి, అక్కడ మీరు కళ్లతో చూసింది రాయండి.

పక్కపక్క ఊళ్లను రెండు సాక్ష్యాలుగా లెక్కపెట్టడం. హిందూపురంలోనూ పావగడలోనూ ఒకే ఆచారం కనిపిస్తే "రెండు రాష్ట్రాల్లో ఉంది" అని రాస్తారు. వాళ్లు పిల్లనిచ్చి పుచ్చుకుంటారు, ఒకే సంతకు పోతారు. అది ఒకటే సాక్ష్యం. 1888లో మానవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ టైలర్ సుమారు 350 సమాజాలను పోల్చి లెక్కలు చూపించినప్పుడు ఫ్రాన్సిస్ గాల్టన్ సరిగ్గా ఇదే అడిగాడు: వీళ్లలో ఎంతమంది ఒకరి నుంచి ఒకరు నేర్చుకున్నారు? ఆ ప్రశ్నకు ఇప్పటికీ ఆయన పేరే ఉంది.

జవాబు చేతిలో పెట్టి అడగడం: "మీలో మేనరికం ఉంది కదా?" అంటే మర్యాదకు "ఉంది" అంటారు. "మీ తమ్ముడికి ఎవరినిచ్చారు?" అని అడగండి.

కట్నం, ఆస్తి తగాదాలు, కులాంతర పెళ్లిళ్లు మొదటి రోజు అడగకండి. చెప్పాలనుకుంటే వాళ్లే మూడో రోజు చెబుతారు.

సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడం

ఎదురు పిలుపు పరీక్ష చేయండి. ఒకరు ఇంకొకరిని మామ అంటే, అటువైపు నుంచి అల్లుడు లేదా కోడలు రావాలి. రాకపోతే గీత తప్పయినా అయ్యుండాలి, మధ్యలో మీకు తెలియని రెండో చుట్టరికమైనా ఉండాలి.

ఆడవాళ్లను లెక్కపెట్టండి. ప్రతి తరంలో మగవాళ్లు, ఆడవాళ్లు దాదాపు సమానంగా ఉండాలి. అన్నదమ్ములు పద్నాలుగు మంది, అక్కచెల్లెళ్లు అయిదుగురే ఉంటే, చార్టు చెప్పింది మగవాళ్లన్నమాట. పెళ్లయి వెళ్లిపోయిన ఆడపిల్లలు, చిన్నప్పుడే పోయినవాళ్లు వాళ్ల లెక్కలోంచి జారిపోతారు. ఇంట్లో పెద్దామె దగ్గరికి మళ్లీ వెళ్లండి, ఈసారి మగవాళ్లు లేనప్పుడు.

రెండో మనిషిని విడిగా అడగండి. ఇద్దరి మాట కలవని చోట ఎవరిది ఒప్పో తేల్చకండి, రెండూ రాసి, ఎవరు చెప్పారో రాయండి.

రాసుకోవడం మాత్రం ఆ రాత్రికే. పొద్దునకు సగం పోతుంది. నోట్‌బుక్ పేజీలన్నీ ఫోటో తీసి ఇంకొకరి ఫోన్‌కు పంపి పెట్టండి. రాంపుర గురించి శ్రీనివాస్ సిద్ధం చేసుకున్న నోట్స్, ప్రతులన్నీ ఒకేచోట ఉండటం వల్ల, 1970లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ దగ్గర ఆయన ఉన్న కేంద్రానికి నిప్పు పెట్టినప్పుడు కాలిపోయాయి. ఎక్కువగా జ్ఞాపకం మీదే ఆధారపడి మళ్లీ రాసి 1976లో అచ్చువేశారు. అది ఆయనకు సాధ్యమైంది.

10. చార్టు తిరిగి ఇవ్వండి

శుభ్రంగా ఇంకో కాపీ గీసి, ఈసారి అసలు పేర్లతో, తెలుగులో పెద్ద అక్షరాలతో, రెండిళ్లకూ ఇవ్వండి. ఇచ్చే ముందు ఇంటి పెద్దామెకు చదివి వినిపించి, "ఇందులో ఎవరికీ కనిపించకూడనిది ఏమైనా ఉందా?" అని అడగండి. ఉంటే ఆ కాపీలోంచి తీసేయండి. లామినేషన్ చేయించొద్దు. పుట్టేవాళ్లను, వచ్చే కోడళ్లను, అల్లుళ్లను రాసుకోవడానికి కింద ఒక జానెడు ఖాళీ వదిలి, కాగితంతో పాటు ఒక పెన్సిల్ కూడా ఇచ్చి రండి.